నొప్పి మందు తాళాలు పక్షవాతం నుంచి మెదడును కాపాడతాయా? తాబేలు దగ్గర సగం జవాబు ఉంది

ఈరోజు టాపిక్ కొంచెం బరువైనదే, కానీ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని అమీర్‌పేట్‌లో మెట్రో ఎక్కితే రాయదుర్గం వచ్చేలోపు అయిపోతుంది.

నేను ఇంకా జాబ్‌లో ఉన్నప్పటి సంగతి. మాదాపూర్‌లో ఆఫీసు, ఏడో ఫ్లోరు. సాయంత్రం అమెరికా వాళ్లతో కాల్. మా లీడ్ అన్న మాట్లాడుతున్నాడు, ఆయనకి నలభై ఒకటి. మధ్యలో మాట ముద్దముద్దగా రావడం మొదలైంది. అవతలివాళ్లు ఆడియో కట్ అవుతోందన్నారు. మేమూ నెట్ ప్రాబ్లం అనుకున్నాం. మనిషి నా పక్క సీట్లోనే ఉన్నాడు, నా చెవికి నెట్‌తో పనేముంది? అది అప్పుడు తట్టలేదు. తర్వాత చాట్‌లో ఒక మెసేజ్ పెట్టాడు, అక్షరాలన్నీ కలగాపులగం. దానికి ఎవరో నవ్వే ఎమోజీ పెట్టారు. ఎవరో ఏంటి, నేనే పెట్టాను.

కుడిచేతిలోంచి మౌస్ జారింది. రిలీజ్ వారం కదా, నిద్ర లేదు అనుకున్నాం. నీళ్లు ఇచ్చాం, కాఫీ ఇచ్చాం, కాసేపు పడుకో అన్నా అన్నాం. ముప్పై ఐదు నిమిషాలు అలా పోయాయి. టెస్టింగ్ టీంలో ఒక అమ్మాయి అటుగా వెళ్తూ చూసి, "మూతి వంకర పోతోంది, మీకు కనబడట్లేదా?" అని అరిచింది. వాళ్ల నానమ్మకి పక్షవాతం వచ్చినప్పుడు చూసిందట. అప్పుడు కదిలాం. క్యాబ్ బుక్ చేసి దగ్గర్లో ఉన్న ఒక నర్సింగ్ హోమ్‌కి వెళ్లాం, అక్కడ సీటీ స్కాన్ లేదు. మళ్లీ బయోడైవర్సిటీ జంక్షన్ ట్రాఫిక్‌లో పెద్ద హాస్పిటల్‌కి.

అక్కడ డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న: "ఆఖరిసారి మామూలుగా ఎప్పుడున్నాడు?" ఎప్పుడు పడిపోయాడని కాదు, ఎప్పటిదాకా బాగున్నాడు అని. మేం మొహాలు చూసుకున్నాం. నేను ఫోన్ తీసి చాట్ వెనక్కి జరిపాను. 6:12కి అన్న పెట్టిన మెసేజ్ ఉంది, "బిల్డ్ పాస్, డిన్నర్ ఆర్డర్ పెట్టండి" అని. స్పెల్లింగ్ అంతా కరెక్ట్. డాక్టర్ ఆ టైమ్ రాసుకున్నారు. రాత్రి 9:40కి గడ్డ కరిగించే ఇంజెక్షన్ పడింది. లెక్క వేసుకుంటే మూడు గంటల ఇరవై ఎనిమిది నిమిషాలు.

ఇక ఎపిసోడ్ అసలు టాపిక్ పుట్టింది ఐసీయూ బయట. అన్న వాళ్ల తమ్ముడు నా దగ్గరకొచ్చి ఫోన్‌లో ఒక ఫార్వర్డ్ చూపించాడు. స్ట్రోక్ తర్వాత మెదడును ఓపియాయిడ్ మందు కాపాడుతుందని సైంటిస్టులు కనుక్కున్నారు, అని దాని అర్థం. "బ్రో, మా అమ్మకి మోకాలి నొప్పికి రాసిన ట్రమడాల్ ఇంట్లో ఉంది. అదీ ఓపియాయిడే కదా? డాక్టర్లకి చెప్పకుండా ఒకటి వేస్తే?" అన్నాడు. వద్దన్నాను. ఎందుకు వద్దో మాత్రం చెప్పలేకపోయాను. నాకే తెలియదు. తర్వాత కొన్ని నెలలు ఈ సబ్జెక్ట్ చదివాను. అందులో నాకు అర్థమైందే ఈ ఎపిసోడ్. ఇంకో మాట, నేను బీటెక్, డాక్టర్‌ని కాదు. ఇది సైన్స్ కబురు, ప్రిస్క్రిప్షన్ కాదు.

ముందు మెదడులో ఏం జరుగుతుందో చూద్దాం. పక్షవాతం అంటే కాలూ చెయ్యీ జబ్బు అనుకుంటారు చాలామంది. జబ్బు మెదడులో. ఎక్కువ కేసుల్లో మెదడుకి రక్తం తీసుకెళ్లే గొట్టంలో గడ్డ అడ్డుపడుతుంది, మిగతావాటిలో గొట్టం చిట్లి రక్తం కారుతుంది. ఈ రెండో రకాన్ని పక్కన పెట్టి, గడ్డ సంగతే మాట్లాడదాం.

మన ఒంటి బరువులో మెదడు సుమారు 2 శాతం. కానీ ఒళ్లు వాడే ఆక్సిజన్‌లో దాదాపు 20 శాతం అదే తినేస్తుంది. పైగా స్టోరేజీ లేదు. ఎండాకాలం కొండాపూర్‌లో, మణికొండలో అపార్ట్‌మెంట్లు చూడండి. సంపు లేని బిల్డింగ్ అనుకోండి, లైన్ ఆగితే అప్పటికప్పుడే కుళాయి ఆగుతుంది. గడ్డ అడ్డుపడిన చోట సరిగ్గా మధ్యలో ఉన్న కణాలు నిమిషాల్లో చనిపోతాయి. చుట్టూ ఉన్న కణాలకి మాత్రం పక్క గొట్టాల నుంచి కాస్త కాస్త అందుతూ ఉంటుంది, పక్క బ్లాక్ వాళ్లు బకెట్లతో నీళ్లు ఇచ్చినట్టు. ఆ కణాలు పని మానేస్తాయి, కానీ ఇంకా బతికే ఉంటాయి. ఈ చుట్టుపక్కల ప్రాంతాన్నే పెనంబ్రా అంటారు. స్ట్రోక్ వైద్యం మొత్తం ఈ పెనంబ్రా కోసమే. చనిపోయిన నడిమి భాగాన్ని ఎవరూ తేలేరు, ఈ అంచుని మాత్రం గెలుచుకోవచ్చు.

2006లో జెఫ్రీ సేవర్ అనే అమెరికన్ న్యూరాలజిస్ట్ ఒక లెక్క కట్టాడు. పెద్ద గొట్టం మూసుకుపోయి, వైద్యం అందకపోతే, సగటున నిమిషానికి 19 లక్షల న్యూరాన్లు పోతాయని. మా ముప్పై ఐదు నిమిషాలకి ఆ సగటు పెట్టి చూశాను ఒకరోజు. ఆరు కోట్ల అరవై ఐదు లక్షలు. క్యాలిక్యులేటర్ మూసేశాను.

ఇప్పుడు అసలు ట్విస్ట్. ఆ అంచులో ఉన్న కణాలు వట్టి ఆకలితో చావవు. పక్కవాడు చస్తూ చేసే గోలతో చస్తాయి. మెదడులో గ్లూటమేట్ అని ఒక రసాయనం ఉంది. ఒక న్యూరాన్ ఇంకో న్యూరాన్‌ని లేపడానికి దాన్ని చుక్కలు చుక్కలుగా వదులుతుంది. ఆక్సిజన్ లేక చచ్చే న్యూరాన్ తన దగ్గరున్న గ్లూటమేట్ అంతా ఒకేసారి కుమ్మరిస్తుంది. అది పక్క న్యూరాన్‌ని లే, లే, లే అని బాదుతుంది. ఎన్ఎండీఏ రిసెప్టర్లు తెరుచుకుని కాల్షియం లోపలికి వరదలా వస్తుంది. ఆ కాల్షియంతో కణం లోపలి ఎంజైములు రెచ్చిపోయి సొంత గోడలనే కోసేస్తాయి. కణం పగిలి తన గ్లూటమేట్ వదులుతుంది. అది ఇంకో పక్కవాడికి. మన భాషలో చెప్పాలంటే ఒక సర్వర్ పడిపోతే దాని లోడ్ అంతా పక్క సర్వర్ మీద పడి అదీ పడిపోయి, వరసగా అన్నీ పోవడం. దీన్ని ఎక్సైటోటాక్సిసిటీ అంటారు. అంటే ఎక్కువ ఉత్తేజమే విషమవడం. ఆ పేరు 1969లో జాన్ ఓల్నీ పెట్టాడు.

అయితే ఈ గోలను తగ్గించే స్విచ్ మెదడులో ముందే ఉందా? ఉంది. ఇక్కడే నల్లమందు కథ మొదలు.

గసగసాలు మనకి మటన్ కూరలోకి తెలుసు. ఆ మొక్క కాయని గీస్తే కారే పాలే నల్లమందు. అందులోంచే మార్ఫిన్. వేల ఏళ్లుగా మనుషులు వాడుతున్నారు గానీ ఒళ్లో ఎక్కడ పనిచేస్తుందో 1973 దాకా తెలియదు. ఆ ఏడాది జాన్స్ హాప్‌కిన్స్‌లో క్యాండేస్ పర్ట్, సాలమన్ స్నైడర్ మెదడులో దానికి ప్రత్యేకంగా తాళాలు ఉన్నాయని చూపించారు. న్యూయార్క్‌లో ఎరిక్ సైమన్, స్వీడన్‌లో లార్స్ టెరీనియస్ కూడా అదే ఏడాది అదే తేల్చారు. మరి వెంటనే ఒక ప్రశ్న వస్తుంది కదా, గసగసాల మొక్క రసానికి మన తలలో తాళం ఎందుకుంటుంది? మన ఒంటికే సొంత తాళంచెవి ఉండి ఉండాలి. 1975లో స్కాట్లండ్‌లోని అబర్డీన్‌లో జాన్ హ్యూజ్, హాన్స్ కాస్టర్‌లిట్జ్ దాన్ని పట్టుకున్నారు. ఎన్‌కెఫలిన్ అని పేరు. అంటే మన మెదడు తన నల్లమందు తనే వండుకుంటుంది.

ఈ తాళాల్లో ముఖ్యమైనవి మూడు రకాలు. మ్యూ, డెల్టా, కప్పా. మ్యూ అంటే మార్ఫిన్‌లోని మ. నొప్పి తగ్గించేదీ, మత్తెక్కించేదీ, డోస్ ఎక్కువైతే ఊపిరి ఆపేదీ ప్రధానంగా ఇదే. డెల్టాకి ఆ పేరు ఎలా వచ్చిందంటే, ఎలుక వీర్యనాళంలో టెస్ట్ చేస్తున్నప్పుడు దొరికింది, దాని ఇంగ్లీషు పేరులో రెండో మాట డ తో మొదలవుతుంది. సైంటిస్టుల నేమింగ్ కన్వెన్షన్ మన వేరియబుల్ పేర్లకంటే గొప్పగా ఏం లేదు.

ఈ మూడూ జీ ప్రోటీన్ రిసెప్టర్లనే పెద్ద కుటుంబంలోవి. కణం పొరలో ఏడుసార్లు కుట్టినట్టు దూరి ఉండే ప్రోటీన్లు. బయట చెవి పడితే లోపల జీ ప్రోటీన్ కదులుతుంది. ఈ కుటుంబం మీద మన హైదరాబాద్‌లోనే పని జరిగింది. హబ్సిగూడ దగ్గర సీసీఎంబీలో అమితాబ చటోపాధ్యాయ్ బృందం సెరటోనిన్ రిసెప్టర్ ఒకదాని మీద, కణం పొరలో కొలెస్టరాల్ దాన్ని ఎలా మారుస్తుందో ఏళ్ల తరబడి చూసింది. ఓపియాయిడ్ తాళాల రూపం మాత్రం 2012లో అణువు అణువుగా బయటపడింది, మూడింటికీ ఒకే ఏడాది.

చెవి పడితే లోపల ఏమవుతుందో వినండి, కథకి గుండెకాయ ఇదే. కాల్షియం లోపలికి వచ్చే గేట్లు కొన్ని మూసుకుంటాయి. పొటాషియం బయటికి పోయే ఒక రకం గేట్లు తెరుచుకుని కణం శాంతిస్తుంది. న్యూరాన్ చివర గ్లూటమేట్ వదలడం తగ్గుతుంది. నొప్పి విషయంలో ఇదే పని జరిగితే నొప్పి కబురు పైకి పోదు. స్ట్రోక్ విషయంలో ఇదే పని జరిగితే? గ్లూటమేట్ వరదకి గేటు పడాలి కదా. కాగితం మీద లాజిక్ పర్ఫెక్ట్.

కాగితం మీద కాకుండా ప్రకృతిలో దీనికి ఉదాహరణ ఉందా అని వెతికితే తాబేలు దగ్గర ఆగుతాం. శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మం వెళ్లినవాళ్లకి గుళ్లో నక్షత్ర తాబేళ్లు గుర్తుంటాయి. నేను చెప్పేది వాటి దూరపు చుట్టం, ఉత్తర అమెరికా చెరువుల్లో ఉండే రంగు తాబేలు. చలికాలం పైన నీళ్లు గడ్డకడతాయి, అది అడుగున ఉండిపోతుంది. గాలి లేకుండా నెలలు. మన న్యూరాన్ నిమిషాలు ఆగలేనిచోట దాని న్యూరాన్ నెలలు ఆగుతుంది. ఎలాగంటే, కరెంటు పోగానే తెలివైన ఇంట్లో అమ్మ ఏం చేస్తుంది? ఇన్వర్టర్ మీద ఒక ఫ్యాను, ఒక లైటు ఉంచి గీజరూ ఫ్రిజ్జూ ఆపేస్తుంది. తాబేలు మెదడు అదే చేస్తుంది, గేట్లు మూసి ఖర్చు తగ్గిస్తుంది. మన మెదడు ఇన్వర్టర్ మీద ఏసీ వేసి బ్యాటరీ పేల్చేసుకునే రకం.

తాబేలు మెదడులో డెల్టా తాళాలు ఎలుక మెదడులో కంటే చాలా ఎక్కువ. సరే, ఎక్కువ ఉన్నంత మాత్రాన అవే కాపాడుతున్నాయని ఎలా చెప్తాం? 2008లో టొరంటో యూనివర్సిటీలో మాథ్యూ పామెంటర్, లెస్ బక్ ఆ తాళాలను మూసేసి చూశారు. ఆక్సిజన్ లేనప్పుడు డెల్టాని మందుతో బ్లాక్ చేయగానే తాబేలు న్యూరాన్లలో కూడా ఎన్ఎండీఏ రిసెప్టర్లు రెచ్చిపోయాయి, కాల్షియం పెరిగింది. అంత మొండి న్యూరాన్ కూడా మనదానిలా ఎక్సైటోటాక్సిసిటీలో పడింది. నాకు ఈ ప్రయోగం చాలా నచ్చింది. ఒక లైన్ కామెంట్ చేసి రన్ చేస్తే ప్రోగ్రామ్ పడిపోయింది, కాబట్టి ఆ లైన్ పని చేస్తోందన్నట్టు.

క్షీరదాల్లో కూడా ఆధారాలున్నాయి. యేల్ యూనివర్సిటీలో యింగ్ షియా బృందం 2000లో ఎలుక మెదడు పైపొర కణాల్ని గ్లూటమేట్‌లో ముంచి చూసింది. డెల్టా తాళం తెరిచినప్పుడు కణాలు తక్కువ దెబ్బతిన్నాయి. మ్యూ, కప్పా తెరిస్తే ఆ లాభం రాలేదు. వాళ్లు వాడిన చెవుల్లో డాడ్లే అనేది ఒకటి, ఎన్‌కెఫలిన్‌కి కొంచెం మార్చిన కాపీ. దీనికో పాత కథ ఉంది. 1969లో డా, స్పరియర్ అనే ఇద్దరు, శీతాకాల నిద్రలో ఉన్న ఉడుత రక్తం తీసి ఎండాకాలం ఉడుతకి ఎక్కిస్తే అదీ నిద్రలోకి పోయిందని రాశారు. తర్వాతి వాళ్లకి అది అదే విధంగా రాలేదు, అనుమానాలొచ్చాయి. కానీ ఆ వేటలోనే రక్తంలో ఓపియాయిడ్ లాంటిదేదో ఉందన్న ఊహ, దాన్నుంచి డాడ్లే మీద ఆసక్తి వచ్చాయి. తప్పో ఒప్పో తేలని పేపర్ నుంచి కూడా మంచి ప్రశ్న పుడుతుంది మరి.

ఇక్కడిదాకా విన్నవాళ్లు, అయితే తమ్ముడు అడిగింది కరెక్టే కదా అంటారు. ఆగండి. ఇప్పుడు సీన్ రివర్స్.

1981లో కాలిఫోర్నియాలో బాస్కిన్, హోసోబుచి అనే ఇద్దరు డాక్టర్లు లాన్సెట్ పత్రికలో ఒక చిన్న రిపోర్ట్ వేశారు. మెదడుకి రక్తం తగ్గి చెయ్యీ కాలూ పడిపోయిన కొద్దిమంది రోగులకి నాలాక్సోన్ ఇస్తే లక్షణాలు వెనక్కి తగ్గాయని. నాలాక్సోన్ ఏంటో తెలుసా? ఓపియాయిడ్ తాళాల్ని మూసేసే మందు. హెరాయిన్ ఓవర్‌డోస్ అయినవాళ్లని లేపడానికి ఇచ్చేది. అంటే సరిగ్గా ఉల్టా! తాళం తెరిస్తే మంచిది అని ఒకవైపు, మూస్తే మంచిది అని ఇంకోవైపు. ఆ తర్వాత ఇరవై ఏళ్లు మూసే పార్టీదే పైచేయి. నాలాక్సోన్ మీద మనుషుల్లో ట్రయల్స్ జరిగాయి, చెప్పుకోదగ్గ లాభం తేలలేదు. దాని తమ్ముడు నాల్మెఫీన్‌ని కప్పా తాళం మూయడానికని తెచ్చారు. 2000లో వచ్చిన మూడో దశ ట్రయల్, 368 మంది రోగులు, స్ట్రోక్ వచ్చిన ఆరు గంటల్లోపు ఇచ్చారు. మూడు నెలల తర్వాత చూస్తే ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లకీ వీళ్లకీ తేడా లేదు.

అదే కప్పా తాళాన్ని తెరిచే మందుని 2003లో జాన్స్ హాప్‌కిన్స్ నుంచి అనీష్ భరద్వాజ్ బృందం ఎలుకల్లో పరీక్షించింది. బీఆర్ఎల్ 52537 దాని పేరు. దెబ్బతిన్న మెదడు భాగం తగ్గింది. 2005లో వాళ్లే ఇంకోటి చూశారు, మగ ఎలుకల్లో పనిచేసిన మందు ఆడ ఎలుకల్లో చేయలేదు. ఇది చదివి నేను కుర్చీలో వెనక్కి వాలిపోయాను. సగం యూజర్లకి పనిచేయని ఫీచర్ అది, ఆడ ఎలుకల్లో టెస్ట్ చేసి ఉండకపోతే ఎవరికీ తెలిసేదే కాదు.

మరి ఎవరు కరెక్ట్? నా ఉద్దేశంలో రెండు పార్టీలూ "ఓపియాయిడ్" అనే ఒకే పేరుతో వేర్వేరు వాటి గురించి మాట్లాడుతున్నాయి. ఏ తాళం, ఏ డోసు, స్ట్రోక్ వచ్చిన ఎన్ని నిమిషాలకి, ఏ జంతువు, ఆడా మగా, వీటిలో ఏది మారినా ఫలితం మారుతోంది. ఎక్కువ డోసులో నాలాక్సోన్ ఓపియాయిడ్ తాళాలతో పాటు ఇంకా వేరే పనులు కూడా చేస్తుంది. వీటన్నింటినీ ఒక వాక్యంలో కుక్కి "నొప్పి మందు మెదడును కాపాడుతుంది" అని ఫార్వర్డ్ చేస్తే అందులో అబద్ధం కొంచెమే, ప్రమాదం మాత్రం చాలా ఎక్కువ.

డెల్టా తాళానికే మందు చేయొచ్చు కదా అంటే, చేశారు. డెల్టాని తెరిచే ఎస్ఎన్‌సీ 80 లాంటి కొన్ని మందులు జంతువుల్లో ఫిట్స్ తెప్పించాయి. దెబ్బతిన్న మెదడుకి ఫిట్స్ అంటే పుండు మీద కారం. ఎన్‌కెఫలిన్ జాతివి పెప్టైడ్‌లు, రక్తంలో తొందరగా ముక్కలైపోతాయి, మెదడు చుట్టూ ఉండే కంచె దాటడం కూడా కష్టం. రెండు ఎన్‌కెఫలిన్ లాంటి ముక్కల్ని తోకా తోకా కలిపి అతికించిన బైఫాలిన్ అని ఒకటుంది, 1982లో పోలండ్ కెమిస్ట్ ఆంద్రె లిప్కోవ్‌స్కీ చేశాడు. టెక్సస్ టెక్‌లో థామస్ అబ్రుస్కాటో ల్యాబ్ దాన్ని స్ట్రోక్ చేసిన చిట్టెలుకలకి ఇస్తే మెదడు వాపూ, దెబ్బా తగ్గాయి. ఎలుకల్లో. ఈ మాటని అండర్‌లైన్ చేసుకోండి.

ఎందుకంటే స్ట్రోక్ పరిశోధనకి ఒక పెద్ద శ్మశానం ఉంది. 2006లో ఆస్ట్రేలియా నుంచి ఓకాలిన్స్, ఆమె సహచరులు లెక్కపెట్టారు. అప్పటిదాకా ల్యాబ్‌లో పరీక్షించిన చికిత్సలు 1,026. మనుషుల దాకా వచ్చినవి 114. కణాల్ని కాపాడే మందుగా గట్టిగా నిలబడింది ఒక్కటీ లేదు. అదే ఏడాది ఎన్ఎక్స్‌వై 059 అనే మందు మొదటి పెద్ద ట్రయల్‌లో పాసైంది, అందరూ పండగ చేసుకున్నారు. 2007లో ఇంకా పెద్ద ట్రయల్ పెడితే ఫెయిల్. నా మెషిన్‌లో పనిచేసింది సార్, ప్రొడక్షన్‌లోనే పోయింది, అనే మాట మనం ఎన్నిసార్లు అన్లేదు? ఎలుక కుర్రది, బీపీ షుగర్ లేవు, గడ్డ ఎప్పుడు పడిందో సెకన్లతో సహా తెలుసు, పడిన పది నిమిషాల్లో మందు పడుతుంది. మా అన్నకి బీపీ ఉంది, టాబ్లెట్ రెండు నెలలుగా మానేశాడు, మందు పడేసరికి మూడున్నర గంటలు. ఈ ఇద్దరూ ఒక టెస్ట్ కేసు కారు.

ఆశ పూర్తిగా లేదా అంటే ఉంది. డెల్టా కథ గుండె వైపు నుంచి ఇంకో దారి తీసింది. చెయ్యికి బీపీ పట్టీ కట్టి కాసేపు బిగించి, వదిలి, మళ్లీ బిగించి, ఇలా కొన్నిసార్లు చేస్తే దూరంలో ఉన్న గుండెకి, మెదడుకి కూడా రక్షణ వస్తుందా అన్నది ఆ ఐడియా. జంతువుల గుండెల్లో ఈ రకం రక్షణకి ఓపియాయిడ్ తాళాలు కూడా కావాలని, నాలాక్సోన్‌తో మూస్తే రక్షణ పోతుందని ప్రయోగాలు చూపించాయి. అంటే బయటి మందు లేకుండా ఒంట్లో ఉన్న నల్లమందునే లేపడం. 2022లో చైనాలో 1,776 మంది స్ట్రోక్ రోగుల మీద చేసిన రికామిస్ ట్రయల్‌లో 90 రోజులకి బాగా కోలుకున్నవాళ్లు పట్టీ వైపు 67.4 శాతం, మామూలు వైద్యం వైపు 62 శాతం. చిన్న తేడానే అయినా నిజమైన తేడా. మరుసటి ఏడాది డెన్మార్క్ ట్రయల్‌లో మాత్రం లాభం రాలేదు. అదీ పరిస్థితి. ఇంట్లో బీపీ మెషిన్‌తో ట్రై చేయకండి ప్లీజ్.

వేరే తాళంతో మన దేశంలోనే ఒక అడుగు పడింది. సోవటెల్‌టైడ్ అనే మందుకి 2023లో మన డ్రగ్ కంట్రోలర్ అనుమతి ఇచ్చారు, టైవాల్జీ పేరుతో సన్ ఫార్మా అమ్ముతోంది. ఇది ఓపియాయిడ్ తాళం కాదు, ఎండోథీలిన్ బీ అనే తాళాన్ని తెరుస్తుంది. స్ట్రోక్ వచ్చిన 24 గంటల్లోపు మొదలుపెట్టాలి. మూడో దశ ట్రయల్‌లో 158 మందే, కాబట్టి ఇంకా పెద్ద ట్రయల్స్ ఏం చెప్తాయో చూడాలన్నది నా అభిప్రాయం. పైన చెప్పిన శ్మశానం చూశాక ఎవరికైనా అంతే అనిపిస్తుంది.

ఇప్పుడు తమ్ముడికి ఆరోజు చెప్పలేకపోయిన జవాబు. ట్రమడాల్ పనిచేసేది ఎక్కువగా మ్యూ తాళం మీద, తాబేలుని కాపాడే డెల్టా మీద కాదు. మ్యూ ఎక్కువగా తెరుచుకుంటే ఊపిరి నెమ్మదిస్తుంది, దెబ్బతిన్న మెదడుకి ఉన్న కాస్త ఆక్సిజన్ కూడా తగ్గుతుంది. ట్రమడాల్‌కి ఫిట్స్ తెప్పించే గుణం ఉంది. ఇంకోటి, డాక్టర్లు గంట గంటకీ వచ్చి కళ్లల్లో లైటు కొట్టి, పేరడిగి, చెయ్యెత్తమని చూస్తుంటారు. ఓపియాయిడ్ కనుపాపని చిన్నది చేస్తుంది, మనిషిని మగతలో పెడుతుంది. మెదడులో రక్తం కారుతోందో, టాబ్లెట్ మత్తో వాళ్లకి తేడా తెలియకుండా పోతుంది. లాగ్స్ మనమే డిలీట్ చేసినట్టు. 2018 నుంచి ట్రమడాల్ ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి ఎందుకొచ్చిందో కూడా ఆలోచించాలి, అలవాటుపడే గుణం ఉంది కాబట్టే.

స్ట్రోక్ అని అనుమానం వస్తే ఇంట్లో ఆస్పిరిన్ కూడా వేయకూడదు. గుండెపోటుకి వేస్తారని విని వేసేవాళ్లున్నారు. గడ్డనా, రక్తస్రావమా అన్నది సీటీ స్కాన్ చూడకుండా ఎవరూ చెప్పలేరు. రక్తస్రావం అయితే ఆస్పిరిన్ దాన్ని పెంచుతుంది. నీళ్లు, కాఫీ కూడా వద్దు, మేం చేసిన తప్పు అదే. మింగే కండరాలు పడిపోయి ఉంటే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

మరి ఏం చేయాలంటే, నవ్వమని చూడండి, మూతి ఒకపక్కకి పోతోందా. రెండు చేతులూ ఎత్తమనండి, ఒకటి వాలుతోందా. ఒక వాక్యం చెప్పమనండి, మాట ముద్దగా ఉందా. ఉన్నట్టుండి తూలడం, చూపు పోవడం కూడా ఇదే లిస్టులోవి. ఒక్కటి కనబడినా 108. ఈ 108 మొదలైంది మన హైదరాబాద్‌లోనే, 2005 ఆగస్టు 15న, ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ అధినేత పెట్టిన సంస్థ నుంచి. మనం మాత్రం క్యాబ్ బుక్ చేస్తాం. ఫోన్‌లోనే అడగండి, సీటీ స్కాన్ ఉండి గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చే హాస్పిటల్‌కే తీసుకెళ్లమని. ఆ ఇంజెక్షన్‌కి మామూలుగా నాలుగున్నర గంటల గడువు. పెద్ద గొట్టంలో గడ్డ అయితే తొడ దగ్గర నుంచో మణికట్టు నుంచో తీగ పంపి లాగేస్తారు, స్కాన్‌లో పెనంబ్రా మిగిలి ఉందని తేలితే కొందరికి 24 గంటల దాకా కూడా చేస్తారు. దారిలో ఉన్నప్పుడే మనిషి ఆఖరిసారి బాగున్న టైమ్ వెతికి పెట్టుకోండి. చాట్, కాల్ లాగ్, యూపీఐ పేమెంట్, ఆఫీస్ గేటు దగ్గర కార్డ్ స్వైప్, ఏదైనా సరే.

మా అన్న బాగానే ఉన్నాడు. మాట తొంభై శాతం వచ్చింది, కొన్ని పేర్లు నాలుక మీదే ఆగిపోతాయి. కుడిచేతి వేళ్లు ఇంకా మొద్దు. ఇప్పుడు మౌస్ ఎడమవైపు పెట్టుకున్నాడు. ఈ స్క్రిప్ట్ రాశాక ఆయనకే ముందు పంపాను, ఎమోజీ సంగతి ఉంచాలా తీసేయాలా అని అడుగుతూ. ఉంచు అన్నాడు. దాని కింద ఆయన కూడా ఒక నవ్వే ఎమోజీ పెట్టాడు, ఎడమచేత్తో.

వచ్చే ఎపిసోడ్‌లో నిద్ర. రాత్రి షిఫ్టులు చేసేవాళ్ల మెదడు పగలు ఎందుకు సరిగ్గా పడుకోదో చూద్దాం. ఉంటాను.